రికార్డుకు రెండో వైపు

తెనాలి పేరు వినగానే తెలుగువారికి రామకృష్ణ కవి చమత్కార కథలు గుర్తుకు వస్తాయి. వేడి పాలకు భయపడిన పిల్లి, దొంగలచేత తోటకు నీళ్లు తోడించిన ఉపాయం ఎరుగని ఇల్లు ఉండదు. ఈ కథలలో చాలావాటికి చారిత్రకాధారం లేదు. ఆధారం ఉన్నవి ఆయన కావ్యాలు. ‘ఉద్భటారాధ్య చరిత్రము’, ‘ఘటికాచల మాహాత్మ్యము’, ‘పాండురంగ మాహాత్మ్యము’ అనే మూడింటిలో మొదటి రెండింటి పేర్లను విద్యార్థులు పరీక్ష కోసం కంఠస్థం చేస్తారు. మూడవదానిలో నిగమశర్మ కథ ఒక్కటి చదువుతారు. అల్లసాని పెద్దన ‘మనుచరిత్రము’కు పట్టిన గతి కూడా ఇటువంటిదే. ప్రవరుడు అగ్నిదేవుని ప్రార్థించి హిమాలయం నుండి ఇల్లు చేరగానే చాలామంది పాఠకులు పుస్తకం మూసివేస్తారు. ఆ కావ్యానికి స్వారోచిష మనుసంభవమనే పేరున్నదనీ, మనువు పుట్టుకకు కారణమైన స్వరోచి కథ తరువాతి ఆశ్వాసాలలో ఉన్నదనీ వారికి గుర్తుండదు.

పాటల విషయంలోనూ లోకం తీరు ఇదే. ఒక గాయకుడు నలభై ఏళ్లు పాడినా ఒకటి రెండు పాటలే ఊరూరా మోగుతాయి. మిగిలినవన్నీ వాటి నీడలో ఉండిపోతాయి. విడివిడిగా కాక, ఒక వరుసలో కూర్చి వెలువరించిన పాటల సంపుటిని ఆల్బమ్ అంటారు. అందులో ఒక పాట ప్రసిద్ధమైతే దాని ముందూ వెనుకా ఉన్న ఏడెనిమిది పాటలు శ్రోత చెవిని చేరవు. ప్రసిద్ధమైన పాట ఒక్కటి కూడా లేకపోతే సంపుటి మొత్తం మరుగున పడుతుంది. ఇలా మరుగున పడినవాటిని వెదకి వినడం తీరిక ఉన్నవారి సరదా అని కొందరి అభిప్రాయం. సరదా అయితే అయి ఉండవచ్చు. కాని ఒక ప్రాంతం తన గొంతును తానే మరచిపోకుండా ఉండటానికి ఉన్న కొద్దిపాటి మార్గాలలో ఇది ఒకటి. ఈ మాట నిజమో కాదో కొల్లిపర పరిసరాల నుండే పరిశీలించవచ్చు.

కొల్లిపర కృష్ణానదికి చేరువలో, తెనాలికి కొద్ది మైళ్ల దూరంలో ఉన్న ఊరు. వరి, పసుపు, అరటి, కంద పండే డెల్టా నేల. చుట్టుపక్కల పల్లెలవారికి నాటకానికైనా, సినిమాకైనా, పాటల ప్లేటు కొనడానికైనా దగ్గరి పట్నం తెనాలి. ఇరవయ్యో శతాబ్దపు పూర్వార్ధంలో తెనాలి పద్యనాటకానికి పేరెన్నిక గన్న కేంద్రం. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావు తెనాలి రామవిలాస సభ నటులుగా ఖ్యాతి గడించారు. స్త్రీ పాత్రల పోషణలో ఆయనకు సాటి లేరని పేరు. 1956లో పద్మశ్రీ పురస్కారం అందుకొన్నారు. గుంటూరు జిల్లా సుద్దపల్లిలో పుట్టిన కల్యాణం రఘురామయ్య (1901-1975) నోట వేలు ఉంచుకొని ఈలతో రాగాలాపన చేసేవారు. అందుచేత ఆయన ఇంటిపేరు ఈలపాటగా మారిపోయింది. నేడు స్థానం వారి పేరు చెబితే ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామ కోసం ఆయన స్వయంగా రచించుకొన్న పాట ఒక్కటి గుర్తుకు వస్తుంది. రఘురామయ్య పేరు చెబితే ఈల గుర్తుకు వస్తుంది. ఆయన పద్యం చదివేటప్పుడు అర్థం చెడకుండా మాటను ఎక్కడ విరిచారో, సమాసాన్ని ఎక్కడ కలిపారో గమనించేవారు అరుదు. ఈల ఎవరినైనా ఆశ్చర్యపరుస్తుంది. పద్యం అలా కాదు, వినేవాని శ్రద్ధను అడుగుతుంది.

ఈ ప్రాంతానికే చెందిన మరొక గాయకుని విషయం ఇంకా స్పష్టమైన ఉదాహరణ. తెనాలి సమీపంలోని మోపర్రులో 1921లో పుట్టిన ఎం.ఎస్. రామారావు గొంతు వినని తెలుగువారు తక్కువ. ఆయన తెలుగులో పాడిన సుందరకాండ, హనుమాన్ చాలీసా దేవాలయాల మైకులలో ఉదయాన్నే వినిపిస్తాయి. కాని ఈ భక్తిగానం ఆయన జీవితంలో ఉత్తరార్ధానికి చెందినది. 1944లో వచ్చిన ‘తాసిల్దార్’ చిత్రంలో పాడి తెలుగు సినిమా తొలితరం నేపథ్య గాయకులలో ఒకరయ్యారు. 1951లో ‘దీక్ష’, 1953లో ‘నా ఇల్లు’ చిత్రాలకు పాడారు. వీటితోపాటు సినిమాతో సంబంధం లేని లలితగీతాలను రికార్డులుగా ఇచ్చారు. అటువంటి పాటలను ఆ రోజులలో ప్రైవేటు పాటలు అనేవారు. సుందరకాండ విన్న లక్షలమందిలో ఆ ప్రైవేటు పాటలు విన్నవారు బహుశా వేళ్లమీద లెక్కపెట్టదగినంతమంది.

ఇందులో నష్టం ఏమిటని ప్రశ్న రావచ్చు. రంగస్థల గాయకుడు మైకు లేని రోజులలో పందిరి చివర కూర్చున్న ప్రేక్షకునికి వినబడేలా పాడవలసి వచ్చేది. అందుకే ఆ తరం కంఠాలలో ఎత్తు, తీవ్రత ఎక్కువ. 1925 నుండి రికార్డింగులో విద్యుత్తుతో పనిచేసే మైకు వాడుకలోకి వచ్చింది. గాయకుడు గొంతు చించుకోనక్కరలేకపోయింది. ఎదురుగా కూర్చున్న ఒక్కరితో మాట్లాడినట్లు పాడే వీలు కలిగింది. తెలుగు లలితగీతం ఈ వీలును ఆధారం చేసుకొని పెరిగిన ప్రక్రియ. తొందరలేని ఆ నడక, మాట స్పష్టంగా పలికే ఆ తీరు రామారావు లలితగీతాలలో అలవడి, సుందరకాండలో పండింది. మొదటిది వినకపోతే రెండవదానిలోని నేర్పు భక్తి వెనుక దాగిపోయి, కేవలం దైవదత్తమైన కంఠంగా కనిపిస్తుంది. కళాకారుని సాధనను గుర్తించకపోవడం చిన్న అన్యాయం కాదు.

ఇక్కడ గ్రామఫోను రికార్డు ఎలా పనిచేసేదో కొంత తెలుసుకోవాలి. ఊళ్లలో దీనిని ప్లేటు అనేవారు. లక్క కలిసిన పదార్థంతో పోతపోసిన పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఒక్కొక్క వైపు సుమారు మూడు నిమిషాల పాట పడుతుంది. భారతదేశంలో ఈ చరిత్ర 1902లో మొదలైంది. ఆ ఏడు గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి గౌహర్ జాన్ గానాన్ని రికార్డు చేశాడు. 1908 నుండి ప్లేట్లు కలకత్తాలోనే తయారయ్యాయి. తరువాతి కాలంలో కుక్కబొమ్మ గల పెట్టె కలవారి ఇళ్లలోనూ, మైకుసెట్టువారి చేతుల మీదుగా పెళ్లిపందిళ్లలోనూ మోగింది. పాట వినాలంటే పెట్టెకు కీ ఇవ్వాలి. ఉక్కుముల్లు మార్చాలి. మూడు నిమిషాలకొకసారి లేచి ప్లేటు తిరగవేయాలి. ఆ శ్రమకు ఓర్చనివారు నచ్చిన వైపునే మళ్లీ మళ్లీ వేసుకొనేవారు. దీనివల్ల ఒక విచిత్రం జరిగింది. జనం మెచ్చిన వైపు ముళ్ల రాపిడికి అరిగి, గరగర తప్ప పాట వినరాని స్థితికి వచ్చింది. ఎవరూ పట్టించుకోని రెండో వైపు గీత పడకుండా మిగిలింది. నేడు అటువంటి ప్లేటు దొరికినవారికి ప్రసిద్ధమైన పాటకంటే అప్రసిద్ధమైన పాటే శుభ్రంగా వినిపిస్తుంది.

మూడు నిమిషాల హద్దు కళ స్వరూపాన్ని కూడా మార్చింది. రంగస్థలం మీద ఒక పద్యానికి రాగం తీసి, ‘వన్స్‌మోర్’ కేకలకు మళ్లీ అందుకొని, గాయకుడు ఎంతసేపైనా సాగించవచ్చు. ప్లేటు మీద ఆ అవకాశం లేదు. ఏది ఉంచాలో ఏది వదలాలో ముందే నిర్ణయించుకోవాలి. ఈ సంక్షేపాన్ని కొందరు లోపంగా భావించారు. నిజానికి చాటుపద్యం రాయగల నేర్పు వేరు, ప్రబంధం రాయగల నేర్పు వేరు. రెండింటినీ ఒకే కొలతతో కొలవడం న్యాయం కాదు. 1948లో అమెరికాలో వెలువడిన లాంగ్ ప్లే రికార్డులో ఒక్కొక్క వైపు ఇరవై నిమిషాలకు పైగా పట్టింది. గాయకునికి మళ్లీ ప్రబంధం రాసే తావు దొరికింది. ఆల్బమ్ అనే కళారూపానికి నిండుదనం వచ్చింది అప్పటినుండే.

శబ్దాన్ని భద్రపరచడం ఎంత గొప్ప విషయమో తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనల చరిత్ర తెలుపుతుంది. 1503లో పరమపదించిన ఆ వాగ్గేయకారుని సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కబడి తిరుమల ఆలయంలో ఉండిపోయాయి. 1922లో అవి వెలుగులోకి వచ్చాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితుల పరిశ్రమ వల్ల లోకానికి అందాయి. వేల సంకీర్తనలు అక్షరం చెదరకుండా దొరికాయి. రాగాల పేర్లూ దొరికాయి. అన్నమయ్య వాటిని ఎలా పాడాడో మాత్రం ఎవరికీ తెలియలేదు. రాళ్లపల్లి వారు కొన్నింటికి కొత్తగా స్వరరచన చేయవలసి వచ్చింది. నేడు వినబడుతున్న వరుసలన్నీ ఆధునికులు కూర్చినవే. రాగిరేకు మాటను నాలుగు వందల ఏళ్లు కాపాడింది. గొంతును మూడు నిమిషాలైనా కాపాడలేకపోయింది. పగిలితే అతకని లక్కప్లేటు ఆ పని చేసింది. అటువంటి ప్లేట్లు అటకమీద దుమ్ములో పడి, పాతసామాను కొనేవాని తక్కెడలోకి పోవడం చూస్తే, రాగిరేకులకు పట్టినంత అదృష్టం వీటికి పట్టలేదని బాధ కలుగుతుంది.

మరుగున పడిన ఒక ప్లేటు ఏకంగా మనిషినే తిరిగి తెచ్చిన ఘటన మరొక డెల్టా ప్రాంతంలో జరిగింది. అమెరికాలో మిసిసిపీ డెల్టా పత్తి పండే నల్లరేగడి సీమ. అక్కడి పత్తిచేలలో బానిసలుగా బతికిన నల్లజాతివారి సంతతి తమ కష్టాన్ని, ఎడబాటును, వెటకారాన్ని పాడుకొన్న పాటకు బ్లూస్ అని పేరు. ఒక పంక్తి పాడి, దానినే మరొకసారి పాడి, మూడవ పంక్తిలో జవాబు చెప్పడం అందులో తరచుగా కనిపించే కట్టడి. ఆ డెల్టా అంచున ఆవలాన్ అనే కుగ్రామంలో జాన్ హర్ట్ అనే వ్యవసాయ కూలీ ఉండేవాడు. గిటారు మీటుతూ మెత్తగా, మాట్లాడినట్లు పాడేవాడు. 1928లో ఓకే అనే కంపెనీ అతనిని పిలిపించి కొన్ని పాటలు రికార్డు చేసింది. ప్లేట్లు పెద్దగా అమ్ముడుపోలేదు. మరుసటి ఏడు ఆర్థికమాంద్యం వచ్చింది. హర్ట్ తన పొలానికి, పశువులకు తిరిగి వెళ్లిపోయాడు. ఊరిలో జరిగే ఆటపాటల రాత్రులలో తప్ప అతని గొంతు బయట వినబడలేదు.

ముప్పై అయిదేళ్లు గడిచాయి. పాత ప్లేట్లు సేకరించేవారిలో కొందరు అతని పాటలను విని మురిసిపోయారు. మనిషి ఎప్పుడో చనిపోయి ఉంటాడని అనుకొన్నారు. ఆ పాటలలో ఒకదానిలో అతడు తన ఊరిపేరు చెప్పుకొన్నాడు. కొత్త పటాలలో ఆ ఊరు లేదు. పాత భూపటంలో దొరికింది. 1963లో టామ్ హాస్కిన్స్ అనే యువకుడు ఆ గుర్తు పట్టుకొని ఆవలాన్ వెళ్లాడు. హర్ట్ బతికే ఉన్నాడు. డెబ్బై ఏళ్ల వయస్సులో అతడు న్యూపోర్ట్ జానపద సంగీతోత్సవ వేదిక ఎక్కాడు. కొత్త ఆల్బమ్‌లు వెలువరించాడు. 1966లో మరణించాడు. ముప్పై అయిదేళ్ల మౌనం తరువాత లభించినవి మూడేళ్లు. కాలం అనంతమనీ, భూమి విశాలమనీ, తనవంటి హృదయం గలవాడు ఎక్కడో ఎప్పుడో పుట్టకపోడనీ ‘మాలతీమాధవం’లో భవభూతి ఆశించాడు. ఆయన ఆశ అంతా భవిష్యత్తు మీదనే. హర్ట్ అదృష్టవంతుడు, తన సమానధర్ముడిని వాకిట నిలబడగా చూశాడు.

మరి కృష్ణా డెల్టాలో పొలాల గొంతు ఏమైంది? నాట్లు వేసేటప్పుడు ఒకరు ఎత్తుకొంటే మిగిలినవారు అందుకొనే పాటలు ఇక్కడా ఉండేవి. బ్లూస్‌కూ వీటికీ పోలిక కనిపిస్తుంది. పోలిక ఉన్నది కదా అని రెండూ ఒకటే అనరాదు. బ్లూస్ ప్రధానంగా ఒంటరి మనిషి గొంతు. నాట్లపాట గుంపు గొంతు. నడుము నొప్పి మరచిపోవడానికీ, చేతులన్నీ ఒకే లయలో కదలడానికీ పుట్టినది. అందువల్లనే దానికి కర్త పేరు నిలవలేదు. యంత్రంతో నాట్లు, విత్తనం వెదజల్లే పద్ధతి వచ్చాక పాటకు పని తగ్గింది. పనితోపాటు పాట కూడా పోయింది. తెలుగు జానపదగేయాలకు సభా గౌరవం కల్పించినవారిలో వింజమూరి సోదరీమణులు సీత, అనసూయ ముఖ్యులు. దేవులపల్లి కృష్ణశాస్త్రికి మేనకోడళ్లయిన వీరు పల్లెపాటలను సేకరించి వేదికల మీద, రేడియోలో పాడారు. అనసూయాదేవి వాటికి స్వరలిపి కూడా రాసి ప్రచురించారు. 2019లో అమెరికాలో ఆమె కన్నుమూసే నాటికి ఆమె సేకరించిన పాటలు చాలామంది తెలుగువారి నోళ్లలో ఉన్నాయి. పాడేవారిలో ఎక్కువమందికి ఆమె పేరు తెలియదు.

గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ (1920-1997) బుర్రకథను మహోన్నత స్థితికి తెచ్చినవారు. కథకుడు నడుమ నిలిచి తంబురా మీటుతుంటే, ఇరువైపులా హాస్యం, రాజకీయం చెప్పే వంతలు ఇద్దరు డక్కీలు వాయిస్తూ అందుకొంటారు. నాజర్ శాస్త్రీయ సంగీతం కూడా అభ్యసించినవారు కనుక, కథ నడుమ ఒక రాగచ్ఛాయ మెరిసి మాయమవుతుంది. బుర్రకథ అనగానే వీరావేశం మాత్రమే తలచుకొనేవారు ఈ సూక్ష్మాన్ని గుర్తించలేరు. నాజర్‌కు 1986లో పద్మశ్రీ లభించింది. ‘పింజారి’ అనే ఆయన ఆత్మకథ చదివినవారికి ఆ గొంతు వెనుక ఉన్న పేదరికం, పట్టుదల తెలుస్తాయి.

జాజ్ విషయం క్లుప్తంగా చెప్పుకొన్నా సరిపోతుంది. అమెరికా నల్లజాతివారే సృష్టించిన ఈ సంగీతంలో వాద్యకారుడు ఒక వరుసను ఆధారంగా తీసుకొని, అప్పటికప్పుడు తన మనోధర్మాన్ని బట్టి పెంచుతాడు. కచేరీలో రాగాలాపన, స్వరకల్పన ఎరిగినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. కొత్త కానందువల్లనే తెలుగు విద్యార్థి జాజ్‌ను ధైర్యంగా వినవచ్చు. ఆలిస్ కోల్ట్రేన్ అనే కళాకారిణి 1971లో వెలువరించిన ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’ అనే ఆల్బమ్‌లో హార్ప్ అనే తంత్రీవాద్యానికి తోడుగా తంబురా శ్రుతి వినిపిస్తుంది. అయినా ఈ దేశంలో జాజ్ పేరు తెలిసినవారు కూడా ఆమె భర్త జాన్ కోల్ట్రేన్ పేరు చెప్పి ఆగిపోతారు.

శ్రుతి ప్రస్తావన వచ్చింది కనుక యాంబియంట్ అనే సంగీతాన్ని గూర్చి కొంత నిదానంగా చెప్పవలసి ఉంది. 1975లో బ్రయన్ ఈనో అనే ఆంగ్లేయ సంగీతకారుడు ప్రమాదంలో గాయపడి మంచం పట్టాడు. చూడవచ్చిన స్నేహితురాలు హార్ప్ సంగీతం గల రికార్డు ఒకటి ఇచ్చింది. అతడు కష్టపడి లేచి రికార్డు వేసి, మళ్లీ పడుకొన్న తరువాత చూస్తే శబ్దం మరీ తక్కువగా ఉన్నది. లేచి పెంచే ఓపిక లేదు. బయట వాన పడుతున్నది. వాన చప్పుడులో కలిసిపోతూ, అక్కడక్కడ తేలుతూ వచ్చిన ఆ నాదం అతనికి కొత్త దారి చూపింది. శ్రద్ధగా వింటే వినదగినదిగా, వినకపోతే గాలిలా చుట్టూ ఉండేదిగా సంగీతం ఉండవచ్చునని భావించి, 1978లో విమానాశ్రయాల కోసం ఒక ఆల్బమ్ రూపొందించాడు. అందులో పల్లవి లేదు, చరణం లేదు, తాళం లేదు. మొదటిసారి విన్నవారు ‘పాట ఎప్పుడు మొదలవుతుంది?’ అని అడగడం సహజం. తంబురా శ్రుతిని మాత్రమే అయిదు నిమిషాలు కళ్లు మూసుకొని విన్నవారికి ఆ సందేహం రాదు.

ఈ దారిలో ఒక తెలుగువాని అడుగు కూడా ఉన్నది. పాలకొల్లులో 1969లో పుట్టి, పాశ్చాత్య వాద్యమైన మాండలిన్‌ను కర్ణాటక సంగీతానికి లొంగదీసిన ఉప్పలపు శ్రీనివాస్ కచేరీ విద్వాంసులుగా జగత్ప్రసిద్ధులు. 1995లో ఆయన కెనడాకు చెందిన మైకేల్ బ్రూక్‌తో కలిసి ‘డ్రీమ్’ అనే ఆల్బమ్ చేశారు. మెరుపు వేగంతో స్వరాలు కురిపించగల వ్యక్తి అందులో ఒక స్వరాన్ని మీటి, అది గాలిలో కరిగేవరకు ఆగుతారు. 2014లో చిన్న వయస్సులోనే ఆయన మరణించినప్పుడు ఆయన బాల్యపు కచేరీలను అందరూ తలచుకొన్నారు. ఆ ఆగడాన్ని తలచుకొన్నవారు కొద్దిమంది. వేగాన్ని మెచ్చుకోవడానికి చెవులు చాలు. విరామాన్ని మెచ్చుకోవడానికి, అలంకారికులు సహృదయుడు అని ఎవరిని అన్నారో, అతడు కావాలి. పలుమార్లు కావ్యం చదివి చదివి అద్దంలా స్వచ్ఛమైన మనస్సు గలవాడని అభినవగుప్తుడు అతనిని వర్ణించాడు. అది పుట్టుకతో వచ్చే గుణం కాదు, అభ్యాసంతో వచ్చేది.

అయితే మరుగున పడ్డాయి కనుక అవన్నీ మంచివే అనడం కూడా పొరపాటు. అప్రసిద్ధమైన పాటలలో నిజంగా బలహీనమైనవి చాలా ఉన్నాయి. ఎవరికీ తెలియని పేరు తనకు తెలుసునని చెప్పుకోవడం కోసం వినేవారు రసికులు కారు; తాటాకు కట్టలు లెక్కపెట్టి పండితులమనుకొనే బాపతు. మరొకవైపు, ప్రసిద్ధమైనదంతా చౌకబారు అనే మాట అంతకంటే పెద్ద తప్పు. జంధ్యాల పాపయ్యశాస్త్రి పద్యాలకు ఘంటసాల గానం చేసిన ‘పుష్పవిలాపం’ ఊరూరా మోగింది, మోగడానికి తగినదే. ప్రశ్న ఒక్కటే. ఒక పాట వినబడకపోవడానికి కారణం పాటలో ఉన్నదా, బయట ఉన్నదా? ప్లేట్లు తక్కువగా పోతపోసి ఉండవచ్చు. సినిమా అండ లేకపోయి ఉండవచ్చు. ఇంగ్లండులో నిక్ డ్రేక్ అనే జానపద బాణీ గాయకుడు 1972లో ఇరవై ఎనిమిది నిమిషాల ఆల్బమ్ ఇచ్చి, అది అమ్ముడుపోక, రెండేళ్లకు ఇరవై ఆరవ ఏట మరణించాడు. 1999లో ఒక కారు ప్రకటనలో అందులోని పాట వాడుకోగానే వేలమంది కొన్నారు. ఇరవై ఏడేళ్లలో పాటలో ఒక్క స్వరమూ మారలేదు.

నేడు చేతిలోని ఫోనులో లక్షల పాటలు ఉన్నాయి. మరుగు అనేదే ఉండదని అనిపిస్తుంది. కాని ఆ యంత్రం ఏమి సూచిస్తున్నదో గమనించాలి. పదిమంది విన్నదానిని పదకొండవవానికి చూపుతుంది. వినబడినదే మళ్లీ వినబడుతుంది. ముప్పై సెకన్లలో మనస్సు పట్టకపోతే వేలు తరువాతి పాట మీదకు జరుగుతుంది. పూర్వం ప్లేటు తిరగవేయడానికి లేవవలసిన శ్రమ అడ్డం వచ్చేది. ఇప్పుడు శ్రమ లేకపోవడమే అడ్డం వస్తున్నది. మరొక చిక్కు కూడా ఉన్నది. పాత పాటలను అభిమానంతో అంతర్జాలంలో ఉంచేవారు గాయకుని పేరు, రచయిత పేరు తారుమారు చేయడం తరచుగా జరుగుతున్నది. చెన్నైలో వి.ఎ.కె. రంగారావు వంటివారు వేలకు వేలు ప్లేట్లు సేకరించి, ఒక్కొక్కదాని వివరం శ్రద్ధగా గుర్తించి రాసినందువల్లనే తెలుగు పాట చరిత్ర కొంతైనా నిలిచింది. అటువంటి పని పట్నాలలో ఉన్నవారు మాత్రమే చేయవలసినది కాదు.

కొల్లిపరలోనో, మోపర్రులోనో ఒక పాత మండువా లోగిలి అటక మీద పాతిక ప్లేట్లు దొరకడం అసంభవం కాదు. దొరికినప్పుడు ముందుగా చూడవలసినది నడుమ ఉన్న గుండ్రని కాగితం. దాని మీద కంపెనీ పేరు, గాయకుని పేరు, పాట తొలిమాట, ప్లేటు సంఖ్య ఉంటాయి. కాగితం చిరిగినా కొన్నిసార్లు సంఖ్య దాని పక్కన గుల్లమీదే చెక్కి ఉంటుంది. రెండు వైపుల వివరాలూ రాసుకోవాలి. ప్లేట్లను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా నిలువుగా ఉంచాలి. కొత్తరకం యంత్రాల సన్నని ముల్లు వీటి వెడల్పాటి గాడికి సరిపోదు. 78 చుట్ల ప్లేట్లకని వేరుగా వచ్చే ముల్లే వాడాలి. దుమ్మును మెత్తని పొడిగుడ్డతో, గాడి వెంట గుండ్రంగా తుడవాలి. స్పిరిటుతో మాత్రం తుడవరాదు. అది లక్కను కరిగిస్తుంది.